కంప్రెసర్ పోయింది సరే, ఎందుకు పోయింది?

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ అనుభవమైన సంగతి ఒకటుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతుంది. నిద్ర కళ్ళతో లేచి దాన్ని రీస్టార్ట్ చేస్తాం. అది మళ్ళీ నడుస్తుంది. ఎందుకు పడిపోయిందో తెల్లారాక చూద్దాంలే అనుకుని పడుకుంటాం. తెల్లారాక ఇంకో పని మీద పడుతుంది. వారం తిరక్కుండా అదే సర్వర్ మళ్ళీ పడిపోతుంది.

ఆఫీసులో ఈ పాఠం నేను చాలాసార్లు నేర్చుకున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి గంభీరంగా చెప్పాను కూడా. అయినా 2021 ఎండాకాలంలో, డాలస్‌లో, మా కారు ఏసీ ఆ పాఠాన్నే దాదాపు వెయ్యి డాలర్ల ఫీజు కట్టించుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. కారు ఏసీ కంప్రెసర్‌ని ఇంటి దగ్గర మార్చుకోవటం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను. కంప్రెసర్ ఒక్కదాన్నే మారిస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. రెండోదే ముఖ్యం.

జరిగిన కథ

మాది 2012 మోడలు సెడాన్. 2019 వేసవిలో ఏసీ కొంచెం మందగించింది. ఆటో పార్టుల దుకాణంలో గొట్టంతో సహా దొరికే గ్యాసు డబ్బా ఒకటి కొని, అట్ట మీద బొమ్మ చూసి ఎక్కించాను. పది నిమిషాల్లో చల్లగాలి! 2020లో మళ్ళీ మందగించింది. మళ్ళీ ఒక డబ్బా. "ఏటా ఇరవై డాలర్లతో పోతోందిగా" అని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

2021 జులైలో బానెట్ కింద కీచుమని అరుపు, రబ్బరు కాలిన వాసన. ఏసీ ఆపగానే అరుపు ఆగింది. కంప్రెసర్ పట్టేసింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే పదహారు వందల డాలర్లకి చీటీ రాసిచ్చాడు. అందులో కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, గొట్టాలు కడిగే పని కూడా ఉన్నాయి. పోయింది కంప్రెసరయితే ఇవన్నీ ఎందుకు? అమాయకుడు దొరికాడని అంటగడుతున్నాడనుకున్నాను. కంప్రెసర్ ఒక్కటీ కొని, ఒక శనివారం కష్టపడి మార్చేశాను. చల్లగాలి వచ్చింది. మెకానిక్‌ని జయించానని సంతోషించాను.

ఆ సంతోషం పంతొమ్మిది రోజులు నిలిచింది. ఇరవయ్యో రోజు సాయంత్రం హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. బయట నూటమూడు డిగ్రీల ఎండ. మళ్ళీ అదే కీచు. వెనక సీట్లో రెండేళ్ళ మా పాప ముఖం ఎర్రగా కందిపోయింది. అద్దాలు దింపితే వడగాలి. తరవాతి ఎగ్జిట్ దగ్గర దిగి, ఒక కిరాణా దుకాణంలోకి వెళ్ళి, పాపతో గంటసేపు పాల సీసాల అలమర దగ్గర నిలబడ్డాం. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

కొత్త కంప్రెసర్‌కి ఏడాది వారంటీ ఉంది కదా అని దుకాణానికి వెళ్ళాను. డ్రయర్ కూడా మార్చినట్టు రసీదు ఉంటేనే వారంటీ చెల్లుతుందని పెట్టెలోని కాగితంలో రాసే ఉంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు చదవకుండా "ఒప్పుకుంటున్నాను" నొక్కే అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆ రాత్రి విజయవాడకి ఫోన్ చేశాను. మా బాబాయి ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడు. కారు ఏసీల జోలికి ఎప్పుడూ పోలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

"మొదటిది ఎందుకు పోయిందో చూశావంట్రా?"

"తొమ్మిదేళ్ళ కారు కదా బాబాయ్, పాతబడిపోయింది."

"పాతబడితే అరుగుద్ది, చప్పుడు చేసిద్ది. పట్టేసిందంటే నూనె అందలేదని. అందక అరిగిపోయిందే అనుకో, ఆ రజనంతా ఎక్కడికి పోయినట్టు? తుడిచావా?"

నా దగ్గర సమాధానం లేదు. ఎమ్మెస్ చదువుకున్న నేను రెండేళ్ళలో ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న అది.

ఏసీ ఎలా పనిచేస్తుంది?

బాబాయి ప్రశ్న అర్థం కావాలంటే కొంచెం భౌతికశాస్త్రం కావాలి. ఎండాకాలంలో కుండలో నీళ్ళు చల్లబడటం మనకి తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరి కావటానికి కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచి లాక్కుంటుంది. కారు ఏసీ కూడా ఒక కుండే. కుండ మీద ఆవిరైన నీరు తిరిగి రాదు, కారులో ఆవిరైనదాన్ని పట్టుకుని మళ్ళీ ద్రవంగా మార్చుకుంటాం. అంతే తేడా.

ఇక్కడ నీటికి బదులు ఆర్-134ఏ అనే పదార్థం ఉంటుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర ఇది సున్నాకి దిగువన 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్‌లో ఇది మరిగి, కారు లోపలి గాలి నుంచి వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కినట్టు ఆవిరి కూడా బాగా వేడెక్కుతుంది. రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్‌లో ఆ వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవమవుతుంది. డ్రయర్ అందులోని తేమని పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని రంధ్రం గుండా ద్రవం ఒక్కసారిగా తక్కువ పీడనంలోకి వస్తుంది. మళ్ళీ ఎవాపరేటర్.

ఈ చక్రంలో ఏకధాటిగా తిరిగే యంత్రం కంప్రెసర్ ఒక్కటే. తిరిగేదానికి నూనె కావాలి. ఇంజనుకి అడుగున నూనె తొట్టి ఉంటుంది; మామూలు కారు ఏసీ కంప్రెసర్ చాలావరకు రెఫ్రిజరెంట్‌తో కలిసి గొట్టాలన్నీ చుట్టి వచ్చే నూనె మీదే ఆధారపడుతుంది. అంటే రెఫ్రిజరెంట్ తగ్గితే చల్లదనమే కాదు, నూనె తిరిగి రావటం కూడా తగ్గుతుంది. పైగా గ్యాసు కారే చోట నూనె కూడా కారుతుంది.

నేను ఎక్కించిన డబ్బాల్లో గ్యాసు ఉంది, పోయిన నూనె లేదు. కండెన్సర్ మూల ఒక రాయి దెబ్బ, దాని చుట్టూ జిడ్డు మరక రెండేళ్ళుగా కనబడుతూనే ఉన్నాయి. నేను చూడలేదు. చల్లగాలి వస్తున్నంత కాలం చూడవలసిన అవసరం ఉందనుకోలేదు. మొదటి కంప్రెసర్ దానంతట అది చచ్చిపోలేదు. నేనే చంపాను, ఏటా ఇరవై డాలర్లు పెట్టి.

గేజి చెప్పేదీ, చెప్పనిదీ

"డబ్బా మీద గేజి ఉంటుంది కదా, ఆకుపచ్చ గీత దాకా ఎక్కిస్తే చాలదా?" అని మీరు అడగవచ్చు. ఇంట్లో వంటగ్యాసు సిలిండర్‌ని గుర్తు చేసుకోండి. నిండు సిలిండరయినా, అడుగున కొంచెమే ఉన్నదయినా, పొయ్యి మంట ఒకేలా ఉంటుంది. అందుకే మన అమ్మలు సిలిండర్‌ని ఎత్తి, ఊపి చూసేవారు. లోపల చుక్క ద్రవం ఉన్నంత వరకు పీడనం ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు.

కారు ఏసీలో కూడా అంతే. ఇంజను ఆపి కొన్ని గంటలు నీడలో ఉంచిన కారుకి 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర రెండు వైపుల గేజీలూ సుమారు 114 పి.ఎస్.ఐ. చూపిస్తాయి, ఉండవలసిన గ్యాసు పూర్తిగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. ఇంజను నడుస్తున్నప్పుడు చూసే పీడనాలు కొంత చెబుతాయి గాని, సరయిన పరిమాణం తూకంతోనే తెలుస్తుంది. ఆ తూకం బానెట్ కింద చీటీ మీద రాసి ఉంటుంది. మా కారుకి 16 ఔన్సులు.

పని మొదలుపెట్టే ముందు

కంప్రెసర్ తిరగనంత మాత్రాన అది పోయినట్టు కాదు. ముందు ఫ్యూజు, రిలే చూడండి. గ్యాసు మరీ తక్కువైతే ప్రెషర్ స్విచ్ క్లచ్‌ని అసలు పట్టుకోనివ్వదు. ఏసీ వేసినప్పుడు క్లచ్ తీగకి పన్నెండు వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. వోల్టేజి వస్తున్నా క్లచ్ పట్టకపోతే క్లచ్ కాయిల్ పోయి ఉండవచ్చు. ఇంజను ఆపి, క్లచ్ ముందు బిళ్ళని చేత్తో తిప్పి చూడండి. అది అసలు కదలకపోతే కంప్రెసర్ పట్టేసినట్టే. ఏసీ వెయ్యనంత కాలం పుల్లీ ఒట్టిగా తిరుగుతుంది కనుక కారు నడుస్తుంది. పుల్లీ బేరింగే పోతే మాత్రం నడపకండి. చాలా కార్లలో ఆల్టర్నేటర్ కూడా ఆ బెల్టు మీదే ఉంటుంది.

తరవాత మిగిలిన గ్యాసుని తీయించాలి. గొట్టం వదులు చేసి గాలిలోకి వదిలెయ్యకండి. అమెరికాలో అది క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఆర్-134ఏకి ఈ నిషేధం 1995 నవంబరు నుంచి ఉంది. సొంత కారు బాగు చేసుకోవటానికి సర్టిఫికెట్ అక్కరలేదు గాని, ఈ నిషేధం అందరికీ వర్తిస్తుంది. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆర్-134ఏ వాతావరణాన్ని వేడెక్కించే శక్తి వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటె 1,300 రెట్లకు పైమాటే. మా కారులోని 16 ఔన్సులు వదిలేస్తే అరవై గాలన్లకు పైగా పెట్రోలు కాల్చినంత నష్టం. ఏసీ మెకానిక్ షాపులో యంత్రం పెట్టి తీయించుకోవచ్చు. నా దగ్గర ఒక్కోసారికి డెబ్భై డాలర్లు తీసుకున్నారు.

రెండో శనివారం

కంటి అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ద్రవ రెఫ్రిజరెంట్ చుక్క కంటిలో పడితే అక్కడే గడ్డ కట్టిస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కారుని జాక్ స్టాండ్ల మీద నిలిపాను. ఒట్టి జాక్ మీద నిలిపిన కారు కింద ఎప్పుడూ దూరకండి.

టెన్షనర్‌ని తిప్పి బెల్టు జార్చాను. తీగ కనెక్టర్ ఊడదీసి, రెండు గొట్టాల బోల్టులూ విప్పి, గొట్టాల మూతులకి వెంటనే ప్లాస్టిక్ కట్టాను, తేమ పోకుండా. ఆపైన కంప్రెసర్‌ని పట్టుకున్న నాలుగు బోల్టులు. ఇంతవరకు మొదటిసారి చేసిందే. మొదటిసారి ఇక్కడితో కొత్తది బిగించేశాను.

ఈసారి తీసిన కంప్రెసర్‌ని కొలపాత్ర మీద బోర్లించాను. నూనె నల్లగా ఉంది. దీపం కింద పెడితే తళతళమంటూ లోహపు రజను. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ విప్పితే దాని మూతికి నల్లటి బురద అంటుకుని ఉంది. బాబాయి అడిగిన రజను అక్కడుంది. మొదటి కంప్రెసర్ అరిగి కక్కినదంతా కండెన్సర్‌లో, వాల్వ్‌లో కూర్చుంది. నేను పెట్టిన కొత్త కంప్రెసర్ పంతొమ్మిది రోజులు ఆ రజను కలిసిన నూనెనే తాగింది. చెడిపోయిన డేటా అలాగే ఉంచి కొత్త సర్వర్‌ని ఎక్కించటం లాంటిదే ఇది.

కండెన్సర్‌ని కడిగితే చాలదా అనుకున్నాను. చాలదు. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాలు సన్నని జల్లెడ దారుల్లా, పక్కపక్కన అనేకం ఉంటాయి. కడిగే ద్రవం తెరిచి ఉన్న దారుల్లోంచి పోతుంది, మూసుకున్న దారులు అలాగే ఉంటాయి. కాబట్టి కొత్త కండెన్సర్. మా కారులో డ్రయర్ దాని పక్కనే కలిసి ఉంటుంది కనుక అదీ వచ్చింది. మొదటి నుంచీ కారుతున్న చోటు కూడా దీంతో పోయింది. వాల్వ్ కొత్తది. గొట్టాలనీ, ఎవాపరేటర్‌నీ ఏసీ ఫ్లష్ ద్రవంతో తెల్లగా వచ్చేదాకా కడిగి, పొడిగాలితో పూర్తిగా ఆరబెట్టాను. ఆ ద్రవం లోపల మిగిలితే కొత్త నూనెని పలచన చేస్తుంది. కంప్రెసర్‌నీ, వాల్వ్‌నీ, డ్రయర్‌నీ మాత్రం కడగకూడదు.

మెకానిక్ ఇచ్చిన చీటీ గుర్తుంది కదా? అతను రాసిన వస్తువులు ఒక్కటీ తప్పకుండా ఇవే.

నూనె లెక్క జాగ్రత్తగా చూడాలి. సర్వీసు మాన్యువల్‌లో మొత్తం ఎంత నూనె ఉండాలో ఉంటుంది. గొట్టాలు కడిగేస్తే పాత నూనె అంతా పోయినట్టే కాబట్టి, కొత్త కంప్రెసర్‌లో ముందే పోసి వచ్చినది ఎంతో చూసుకుని తక్కువైనది కలపాలి. పాగ్ అనే ఈ నూనెలో రకాలున్నాయి. మీ కారుకి చెప్పినదే వాడండి. అది గాలిలోని తేమని లాక్కుంటుంది, సీసా మూత తీసి ఉంచకండి. కీళ్ళ దగ్గర ఓ-రింగులన్నీ కొత్తవి వేసి, నూనె రాసి బిగించాలి. అన్నీ బిగించాక క్లచ్ బిళ్ళని చేత్తో పది పన్నెండు చుట్లు తిప్పాలి. లోపల ఒకచోట చేరిన నూనె సర్దుకుంటుంది. లేకపోతే మొదటి చుట్టులోనే కంప్రెసర్ దెబ్బతినవచ్చు.

తరవాత వాక్యూమ్. పంపు, గేజీలు చాలా ఆటో పార్టుల దుకాణాల్లో డిపాజిట్ మీద ఇస్తారు. 29 అంగుళాల పాదరసం దాకా వాక్యూమ్ లాగితే లోపలి తేమ ఎండాకాలపు గరాజ్ వేడికే మరిగి బయటికి పోతుంది. ముప్పావుగంట లాగి, పంపు కట్టేసి, అరగంట చూశాను. ముల్లు కదల్లేదు. కదిలితే ఎక్కడో కారుతున్నట్టు. అది దొరికేదాకా గ్యాసు ఎక్కించకూడదు.

చివరికి గ్యాసు. వంటింటి తూకం మీద డబ్బా పెట్టి, తక్కువ పీడనం వైపు మాత్రమే, డబ్బాని నిలువుగా పట్టుకుని ఎక్కించాలి. బోర్లిస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. 12 ఔన్సుల డబ్బా ఒకటీ, రెండో దాంట్లోంచి 4 ఔన్సులు. "ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం చల్లగా ఉంటుంది" అన్నది భ్రమ. ఎక్కువైతే పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. వంటింటి థర్మామీటర్‌ని గాలి వచ్చే జాలీలో గుచ్చాను. బయట 97, లోపల 46.

ఎవరు చెయ్యకూడదు?

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్ళు దీని జోలికి పోవద్దు. వాటి కంప్రెసర్‌ని బెల్టు కాదు, నారింజరంగు కేబుళ్ళలో వచ్చే ప్రాణాంతకమైన వోల్టేజి తిప్పుతుంది. వాటి నూనె కూడా వేరు. 2010ల మధ్య నుంచి కొత్త కార్లు క్రమంగా ఆర్-1234వైఎఫ్ అనే పదార్థానికి మారాయి. అది కొద్దిగా మండే స్వభావం ఉన్నది, దాంట్లో ఆర్-134ఏ కలపకూడదు. బానెట్ కింద చీటీలో ఏది రాసి ఉందో ముందు చూసుకోండి. కారే చోటుని మూసేస్తామనే సీలర్ డబ్బాలు కొనకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అవి యంత్రాల్లో గట్టిపడతాయి. సీలర్ వేసిన కారు నుంచి గ్యాసు తియ్యటానికి షాపులవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

లెక్క

మొదటి ప్రయత్నానికి కంప్రెసర్ 260, గ్యాసు, ఓ-రింగులు 40, పాత గ్యాసు తీయించటానికి 70. మొత్తం 370 డాలర్లు. రెండోసారి మళ్ళీ కంప్రెసర్ 260, కండెన్సర్ 130, వాల్వ్ 35, ఫ్లష్, నూనె, రింగులు కలిపి 75, గ్యాసు 30, తీయించటానికి 70, మొత్తం 600. రెండూ కలిపి 970. మెకానిక్ అడిగిన పదహారు వందల కంటె ఇది తక్కువే. కాని మొదటే సరిగ్గా చేసి ఉంటే ఆరు వందలతో పోయేది. 2019లోనే ఆ జిడ్డు మరక చూసి ఉంటే కండెన్సర్ ఒక్కటి మారిస్తే సరిపోయేది.

ఆ కంప్రెసర్ ఆ తరవాత వచ్చిన ఎండాకాలాలన్నీ నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. ఏటా మే నెలలో బానెట్ ఎత్తి, టార్చిలైటు వేసి, ప్రతి కీలు దగ్గరా జిడ్డు ఉందేమో చూస్తాను. పాప ఇప్పుడు పెద్దదయింది, టార్చి తనే పట్టుకుంటుంది. కిందటేడు "ఏసీ చల్లగానే ఉందిగా నాన్నా, మరి ఏం చూస్తున్నావు?" అని అడిగింది.

చల్లగా ఉన్నప్పుడే చూడాలమ్మా అన్నాను. ఆ మాట బాబాయికి ఫోన్లో చెబితే, "ఆలస్యంగానైనా అర్థమైంది" అని నవ్వాడు.